స్టాకు రిజిస్టరులో కుడిచెయ్యి

రాష్ట్ర సమన్వయ శాఖ దేన్ని సమన్వయం చేస్తుందో అందులో పనిచేసేవాళ్ళకే సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నకొక నంబరు వేసి పై ఆఫీసుకి పంపుతారు. పై ఆఫీసు దాన్ని తగుచర్య నిమిత్తం కింది ఆఫీసుకి పంపుతుంది. శాఖ ఇలా ఏళ్ళ తరబడి ఏ ఒడుదొడుకులూ లేకుండా నడిచిపోతోంది.

ఆ శాఖకు పాలమెట్టలో ఉన్న ప్రాంతీయ కార్యాలయంలో దాసరి జోగారావు సీనియర్ అసిస్టెంటు. ఆయన భార్య నూకరత్నం గంగవాడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పాలమెట్ట కొండల్లో ఉంది, గంగవాడ సముద్రం ఒడ్డున ఉంది. మధ్యలో ఘాటురోడ్డు, రెండు బస్సులు, ఒక పూట ప్రయాణం. జోగారావు శనివారం సాయంత్రం బస్సెక్కేవాడు, ఆదివారం మధ్యాహ్నానికి మళ్ళీ బస్సెక్కేవాడు. నాలుగేళ్ళ కూతురు పల్లవిని పక్కింటివాళ్ళు "మీ నాన్న ఏం చేస్తారే?" అని అడిగితే "బస్సెక్కుతారు" అని చెప్పేది. ఆ మాట విన్న రోజు నుంచి జోగారావుకు అన్నం సయించడం లేదు.

గంగవాడలోనూ శాఖకు ఒక ఆఫీసుంది. అందులో ఒక సీటు ఖాళీగా ఉంది. దానికోసం జోగారావు ఏటా దరఖాస్తు పెట్టేవాడు. "పరిశీలనలో ఉన్నది" అని ఏటా జవాబు వచ్చేది.

ఇలా ఉండగా డైరెక్టరుగారు ఏదో చల్లటి ఊళ్ళో ఉన్నతాధికారుల శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడ మనశ్శాంతి కోసమని వాళ్ళందరి చేతికీ పెన్సిళ్ళిచ్చి, స్కేలూ కంపాసూ లేకుండా ఉత్తచేత్తో గీతలూ సున్నాలూ గీయించారట. డైరెక్టరుగారికి మనశ్శాంతి దొరికింది. దొరికినదాన్ని తన దగ్గరే ఉంచుకోకుండా శాఖకంతటికీ పంచాలనుకున్నారు. వారం తిరక్కుండా సర్క్యులరు దిగింది.

"పాలన అనునది మూలతః ఒక గీత. గీత తిన్నగా లేనిచోట పాలన తిన్నగా ఉండజాలదు. ఫైలు అనునది ఒక వలయము. బయలుదేరిన చోటికి తిరిగి చేరిననే ఫైలు సంపూర్ణమగును. కావున సిబ్బంది యావన్మందియు ప్రతిదినము ఉదయము ఏ పరికర సహాయమునూ పొందక కేవలము స్వహస్తముతో గీతలు, వలయములు అభ్యసించవలెను. వలయ పరీక్షయందు ప్రథమ శ్రేణి పొందినవారికే ఈ ఏటి బదిలీలలో కోరిన స్థానము లభించును."

దాంతోపాటు డైరెక్టరుగారు స్వహస్తంతో గీసిన వలయం ఒకటి ఫ్రేము కట్టించి పంపారు. అది దోసకాయకీ కోడిగుడ్డుకీ మధ్యస్థంగా ఉంది. సూపరింటెండెంటు సోమయాజులుగారు దాన్ని గోడకు కొట్టించి, నాలుగడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని చూశారు.

"ఏం నిండుదనమండీ!" అన్నారు.

సోమయాజులుగారు సర్క్యులరును పొల్లుపోకుండా అమలుచేసే మనిషి. పరికర సహాయం ఉండకూడదన్నారు కాబట్టి ఆ రోజే స్కేళ్ళూ కంపాసులూ స్వాధీనం చేసుకున్నారు. వలయానికి పనికొచ్చేదేదైనా పరికరమేనని మర్నాడు తట్టింది. టీ గ్లాసులు పోయాయి. టిఫిను క్యారేజీ మూతలు పోయాయి. ఆడవాళ్ళ గాజుల దగ్గర పెద్ద గొడవ జరిగి, చివరికి సెక్షను దాకా వేసుకుని రావచ్చు, సీట్లో కూర్చునేటప్పుడు మోచేతి పైకి నెట్టుకోవాలి అని రాజీ కుదిరింది. గోడగడియారం గుండ్రంగా ఉంది, చూసి గీసే ప్రమాదముందని దాన్ని కూడా దింపించారు. అప్పటినుంచి ఆఫీసులో టైము ఎవరికీ తెలియదు. ఆకలేసినప్పుడు భోజనానికీ, విసుగేసినప్పుడు ఇంటికీ వెళ్ళేవారు. అంటే ఇదివరకటికన్నా పెద్ద తేడా ఏమీ రాలేదు.

జోగారావు మాత్రం నిజంగానే పెన్సిలు పట్టాడు. గంగవాడ సీటుకు దారి ఈ సున్నాలోంచే పోతోందని ఆయనకు అర్థమైంది.

మొదటి రోజు గీత మొదలుపెట్టినచోట ఒక లావు, ముగించినచోట ఒక లావు, మధ్యలో వణుకు. సున్నా గీస్తే రెండు కొసలూ అలిగిన తోడికోడళ్ళలా చెరో దిక్కుకీ పోయాయి. సర్క్యులరుకు జతచేసిన కరపత్రంలో "మణికట్టు కదల్చరాదు, భుజమును కదల్చవలెను. కాగితమును తాకుటకు ముందు గాలిలో గీసుకొనవలెను" అని ఉంది. మిగతావాళ్ళు అది చదివి నవ్వుకున్నారు. జోగారావు అలాగే చేశాడు. రెండు చుక్కలు పెట్టుకుని, చెయ్యి చూడకుండా, చేరాల్సిన చుక్కనే చూస్తూ గీత లాగడం అలవాటు చేసుకున్నాడు. గట్టిగా ఒత్తకుండా, ఒకే చోట సున్నా మీద సున్నా తేలిగ్గా తిప్పుతూ పోతే, ఆ గజిబిజిలోంచి సరైన సున్నా తనంతట తనే పైకి తేలుతుందని కనిపెట్టాడు.

ఒకరోజు పింఛను కాగితం పనిమీద వచ్చిన ముసలాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. సెక్షనంతా కుర్చీల్లో కూర్చుని గాలిలో చేతులు తిప్పుతోంది.

"ఏటి బాబూ, ఎవులికి దిష్టి తీత్తన్నారు?" అన్నాడు.

"దిష్టి కాదు తాతా, సాధన. గీసేముందు గాల్లో గీసుకోవాలి" అన్నాడు జోగారావు.

"నా కాయితం కూడా గాల్లోనే ఉందేటి?"

చేతులు గాల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఆయన కాసేపు చూసి, తనూ ఒకసారి గాల్లో చెయ్యి తిప్పి వెళ్ళిపోయాడు.

నెలలు గడిచేకొద్దీ జోగారావుకొక వింత జరిగింది. బదిలీ సంగతి మరిచిపోయి కూడా గీయడం మొదలుపెట్టాడు. బస్సులో ముందు సీటు కమ్మీ ఎక్కడ వంగుతోందో, గిన్నె అంచు పైనుంచి చూస్తే గుండ్రం, పక్కనుంచి చూస్తే కోలగా ఎందుకు మారుతుందో గమనించేవాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన చేత్తో చేసిన పని ఒక్కటైనా చూసుకుని మురిసింది లేదు. ఇప్పుడు ఒక మంచి గీత పడితే ఆ పూటంతా ఆయనకు సంతోషంగా ఉండేది. ఇది చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష రోజున డైరెక్టరుగారు స్వయంగా విచ్చేశారు. కొలవడానికి కంపాసు కావాలి కదా, కంపాసు నిషేధం కదా. అందుకని హెడ్డాఫీసు నుంచి సీలువేసిన కవర్లో ఒక కంపాసును ప్రత్యేక అనుమతితో పట్టుకొచ్చారు. ఒక్కొక్కరూ గీశారు. వంకాయలు, చింతగింజలు, బూరెలు పడ్డాయి. డైరెక్టరుగారు అన్నింటినీ చూసి "ప్రయత్నం ఉంది" అంటూ ముందుకు సాగారు.

జోగారావు వంతు వచ్చింది. కాగితం మీద చెయ్యి రెండుసార్లు గాల్లో తిరిగింది, తరవాత దిగింది. గీత కొస వచ్చి మొదలును ముట్టుకుంది. కంపాసు ముల్లు గుచ్చి తిప్పారు. పెన్సిలు జోగారావు గీత మీదనుంచే పోయింది, ఎక్కడా పక్కకి జరగలేదు.

సోమయాజులుగారు గోడమీది ఫ్రేముకేసి చూసి, వెంటనే చూడనట్టు తల తిప్పుకున్నారు.

డైరెక్టరుగారు చాలాసేపు ఆలోచించారు. "మానవహస్తమన్నాక తప్పు చేస్తుంది" అన్నారు చివరికి. "అది దాని లక్షణం. ఈ హస్తం తప్పు చెయ్యలేదు. ఇందులో పరికర సహాయం జరిగినట్టు ప్రాథమికంగా కనిపిస్తోంది."

జేబులు వెతికారు. వేలికున్న ఉంగరం తీయించారు. చొక్కా చేతులు భుజం దాకా మడిపించి మళ్ళీ గీయించారు. అదే సున్నా పడింది. కళ్ళు మూయించి గీయిస్తే కొంచెం చిన్నది పడింది గాని గుండ్రంగానే పడింది. విచారణ సంఘం వేశారు. సంఘం మూడు వారాలు కూర్చుని నివేదిక ఇచ్చింది: "సదరు ఉద్యోగి వద్ద ఏ పరికరమూ లభించలేదు. అయినను ఫలితము పరికర సదృశముగా ఉన్నది. ఉద్యోగి కుడిచేయి తప్ప మరేదియు ఆ కాగితమును తాకలేదు. కావున ఆ చేయియే పరికరమని నిర్ధారించడమైనది."

జోగారావు పరుగున వెళ్ళి సోమయాజులుగారి ముందు నిలబడ్డాడు. "ఏంటి సార్ ఇది? చెయ్యి పరికరం ఏంటి?"

"చూడవయ్యా జోగారావూ, నువ్వు నేరం చేశావని ఎవరూ అనలేదు. నువ్వు నిర్దోషివి, సంఘం స్పష్టంగా రాసింది. నీ చెయ్యి విషయం వేరు. ఆఫీసు ఆవరణలో దొరికిన పరికరాలన్నీ స్టోర్సులో జమ కావాలి. రూలు నేను పెట్టింది కాదు."

స్టోర్సు గుమాస్తా సింహాద్రి మంచివాడు. ఇబ్బంది పడుతూనే స్టాకు రిజిస్టరు తెరిచాడు. "వృత్తలేఖిని, కుడి రకము, ఒకటి. రంగు చామనచాయ. స్థితి బాగు" అని రాశాడు. దారంతో ఒక అట్టముక్క మణికట్టుకు కట్టి, బీరువాల మీద వేసినట్టే దానిమీద నంబరు వేశాడు.

"గట్టిగా ఉందా అన్నా?" అని అడిగి కొంచెం వదులు చేశాడు.

ఆ రోజు నుంచి జోగారావు పొద్దున్నే తన చేతికి తానే ఇండెంటు పెట్టుకుని విడిపించుకోవాల్సి వచ్చేది. ఫైళ్ళు రాయడానికి ఇచ్చేవారు, అది ప్రభుత్వ పని. భోజనానికి ఇవ్వడం కుదరదన్నారు. భోజనం ప్రజాప్రయోజనం కిందికి రాదట. ఎడమచేత్తో అన్నం ఎలా తినమంటారని జోగారావు కళ్ళనీళ్ళ పర్యంతమైతే, సోమయాజులుగారు జాలిపడి సొంత డబ్బుతో ఒక చెంచా కొనిచ్చారు. శనివారం ఊరికి వెళ్ళాలంటే తాత్కాలిక జారీ రసీదు మీద సంతకం పెట్టాలి. సంతకం ఆ చేత్తోనే పెట్టాలి కాబట్టి, రసీదు మీద సంతకం పెట్టడానికి ముందుగా ఇంకొక జారీ రసీదు కావాలి. దానికి సింహాద్రి కళ్ళు మూసుకునేవాడు.

ఇంతలో బదిలీల ఉత్తర్వులు వచ్చాయి. జోగారావు పేరు మొదట్లోనే ఉంది. "వలయ పరీక్షయందు అత్యుత్తమ ఫలితము సాధించిన శ్రీ దాసరి జోగారావును కోరిన విధముగా గంగవాడకు బదిలీ చేయడమైనది. వారి కుడిచేయి పాలమెట్ట కార్యాలయపు స్టాకు అయినందున యథాస్థానములో ఉండును."

"ఎలా ఉంటుంది సార్?" అన్నాడు జోగారావు.

"ఉద్యోగి బదిలీ అవుతాడయ్యా. స్టాకు బదిలీ అవదు. నీ సర్వీసులో ఎప్పుడైనా బీరువా ఉద్యోగితోపాటు బస్సెక్కి వెళ్ళడం చూశావా? నువ్వు నిక్షేపంగా వెళ్ళి చేరు. నిన్నెవరూ ఆపడం లేదు."

జోగారావుకు తన గీతే శత్రువైంది. మర్నాడు పునఃపరీక్షకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒక్క వంకర సున్నా గీసి చూపిస్తే చాలు, చెయ్యి మళ్ళీ మామూలు చెయ్యి అయిపోతుందని ఆశ. సంఘం కూర్చుంది. జోగారావు పెన్సిలు పట్టుకుని, మనసులో వంకాయను తలుచుకుని తిప్పాడు. గుండ్రంగా వచ్చింది. చింతగింజను తలుచుకున్నాడు. గుండ్రంగానే వచ్చింది. అన్ని నెలలు నేర్చుకున్నది ఒక్క పూటలో మరిచిపొమ్మంటే చెయ్యి వినడం లేదు. దిక్కుతోచక తలెత్తితే ఎదురుగా గోడమీద డైరెక్టరుగారి ఫ్రేము కనిపించింది. వంకర కావాలంటే అంతకన్నా మంచి నమూనా ఎక్కడ దొరుకుతుంది! దాన్ని చూస్తూ, ఎక్కడ ఉబ్బిందో అక్కడ ఉబ్బించి, ఎక్కడ నొక్కుకుందో అక్కడ నొక్కి, ఉన్నదున్నట్టు దించేశాడు.

కాగితం సంఘం చేతికి వెళ్ళింది. ముగ్గురు సభ్యులూ కాగితాన్ని చూశారు, ఫ్రేమును చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది వంకర అంటే గోడమీదిదేమిటి?

"ఇది ఆదర్శ వలయం" అన్నారు అధ్యక్షులు, గొంతు సవరించుకుని. "పరికరము అదనపు సామర్థ్యమును కలిగి ఉన్నది" అని నివేదిక రాశారు. సింహాద్రి రిజిస్టరులో "స్థితి బాగు" కొట్టేసి "స్థితి చాలా బాగు" అని రాశాడు.

ఆ సంగతి ఫోనులో విన్న నూకరత్నం సెలవు పెట్టి, పిల్లను పక్కింట్లో వదిలి, మర్నాడే పాలమెట్టలో దిగింది. ఆవిడ ఆస్పత్రి వార్డులో సామాన్ల లెక్క చూసే మనిషి. ఆఫీసు కాగితాలకు భయపడే రకం కాదు. మొగుడి మణికట్టుకున్న అట్టముక్కను తిప్పి చూసింది. తరవాత నేరుగా సోమయాజులుగారి గదిలోకి వెళ్ళింది.

"ఏటండీ, మా ఆయన చెయ్యి మీ స్టాకా?"

"అవునమ్మా. నియమాల ప్రకారం..."

"సరే, స్టాకే అనుకుందాం. కంపాసుకి మీ రూల్సులో ఆయుష్షు ఎంతండీ?"

సోమయాజులుగారు ఉలిక్కిపడ్డారు. "ఆయుష్షా?"

"మా ఆస్పత్రిలో బీపీ మిషనుకి ఉంటాది, స్ట్రెచర్‌కి ఉంటాది, ఆకరికి ముక్కాలి పీటకి కూడా ఉంటాది. అదయిపోతే బాగున్నా బాగులేకపోయినా కండెం చేసి పాట పెట్టేస్తాం. మీకు లేదేటి?"

రూలు అనేసరికి సోమయాజులుగారిలో ఉత్సాహం పొంగింది. లావుపాటి పుస్తకం దించి, దుమ్ము దులిపి, వేలు పెట్టి చదివారు. కంపాసుకు ఏడేళ్ళు. తరవాత వస్తువును పనికిరానిదిగా ప్రకటించి బహిరంగ వేలంలో అమ్మాలి.

"పరికరం తయారైన తేదీ?" అన్నారు కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ.

"ఆయన పుట్టినరోజేనండి. ఆ రోజు చెయ్యి లేకుండా పుట్టలేదు కదా. ఈ ఉగాదికి నలభైమూడు నిండాయి."

సోమయాజులుగారు లెక్క వేసి నోరు తెరిచారు. ముప్ఫై ఆరేళ్ళుగా కాలం చెల్లిన వస్తువును ఆఫీసు వాడుకుంటోంది. ఆడిటువాళ్ళు చూస్తే ఇంకేమైనా ఉందా! ఆ మధ్యాహ్నమే జోగారావు కుడిచెయ్యి పనికిరానిదిగా ప్రకటితమైంది. అది వినగానే జోగారావుకు ప్రాణం లేచొచ్చింది. అదే సమయంలో లోపలెక్కడో చివుక్కుమంది కూడా. తన జన్మలో బాగా చేసిన పని ఒక్కటే, అది చేసిన చెయ్యి పనికిరానిదట.

వేలానికి ఆఫీసు వెనక వరండాలో సామాన్లు పెట్టారు. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన బీరువా, పక్కనే స్టూలు మీద జోగారావు. అట్టముక్క కనబడేలా చెయ్యి ముందుకు చాపించారు. పాత ఇనుము కొనే వలీ ఆఫీసు సామాను ఎప్పుడూ తనే ఎత్తుకుపోతాడు. ఆయన బీరువాను తట్టి చూశాడు, కుర్చీలను ఊపి చూశాడు, జోగారావు చెయ్యి దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

"ఇదేటి సార్? ఇనుం కాదు, ఇత్తడి కాదు. దీన్నేటి సేసుకుంటాం? నాకొద్దు."

"వద్దంటే ఎలా!" అన్నారు సోమయాజులుగారు కంగారుగా. "కనీసం ఇద్దరు పాడకపోతే వేలం రద్దు. వస్తువు తిరిగి స్టోర్సుకు పోతుంది."

నూకరత్నం వలీని పక్కకు పిలిచింది. "తమ్ముడూ, ఒక్క మాట అను. ఉత్తినే అను. మిగతాది నేను చూసుకుంటాను."

వలీ తలూపాడు. పాట మొదలైంది. నూకరత్నం ఒక అంకె చెప్పింది. వలీ ఒకటి చెప్పాడు. ఆవిడ దానిమీద పెంచింది. అక్కడితో వలీ ఆగిపోవాలి. కానీ ఇన్నేళ్ళుగా వేలం పాటల్లో ఎవరికీ లొంగని నోరు అది, తనంతట అదే ఇంకాస్త పైకి పాడేసింది. నూకరత్నం అదిరిపడి పెంచింది. వలీ మళ్ళీ పెంచాడు. సోమయాజులుగారు "ఒకటోసారి... రెండోసారి..." అంటున్నారు. స్టూలు మీద జోగారావు పాత ఇనుము కొట్లో తన చెయ్యి వేలాడడం కళ్ళారా చూస్తున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

నూకరత్నం వలీకేసి తిరిగింది. "ఆ చెయ్యి పందిట్లోనే నాకిచ్చేసారురా! మళ్ళీ నేను కొనుక్కోవాలా? నువ్వు అడ్డుపడతావేటి?" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పెళ్ళినాటికి అది పరికరం కాదమ్మా" అన్నారు సోమయాజులుగారు సౌమ్యంగా. "అప్పటి హక్కులు దీనికి వర్తించవు."

వలీ నాలుక్కరుచుకున్నాడు. "తప్పయిపోనాది అక్కా. అలవాటు సొప్పున నోరు జారింది. నీదే, నీదే. నువ్వు ఇంకో మాట అను, నేను నోరిప్పితే ఒట్టు." రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు.

ఆవిడ ఇంకో మాటంది. మూడోసారి అన్నారు. సుత్తికి బదులు డస్టరు బల్లమీద పడింది.

సింహాద్రి రసీదు రాసిచ్చి, అట్టముక్క దారం తెంపబోతుంటే సోమయాజులుగారు వారించారు. గేటు దాటేదాకా ఉండాలట. పైగా ఇంకొక నిబంధన కూడా చదివి వినిపించారు: వేలంలో కొన్న వస్తువును కొన్నవారే స్వయంగా చేతబట్టి ఆవరణ దాటించవలెను.

నూకరత్నం మొగుడి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆఫీసు మెట్లు దిగారు. సెక్షన్లో అందరూ గాల్లో గీతలు ఆపి కిటికీల దగ్గరికి చేరారు. పెళ్ళయ్యాక పట్టపగలు పదిమంది ముందు ఇలా చెయ్యి పట్టుకుని నడిచింది ఎప్పుడూ లేదు. జోగారావుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. "సెయ్యికి పాసుందా అమ్మా?" అని రసీదు తీసుకుని తిరగేసి మరగేసి చూశాడు. దారం తెంపి అట్టముక్కను తన జేబులో వేసుకుని, పక్కకి తప్పుకున్నాడు.

బస్టాండు దాకా వచ్చేశారు. జనం చూస్తున్నారు. ఎవరో కుర్రకారు నవ్వారు కూడా. జోగారావు గొంతు తగ్గించి అన్నాడు, "గేటు దాటేశాం కదా, ఇంక వదిలెయ్యొచ్చు."

నూకరత్నం రోడ్డుకేసి, వస్తున్న గంగవాడ బస్సుకేసి చూస్తూ వేళ్ళు ఇంకా బిగించింది.

"మీరు మాటాడకండి. రసీదు నా దగ్గరుంది."